ఒకటో నంబర్లో మెకానికల్

రెండు కాగితాల్లోనూ పేరు ఒకటే, హాల్ టికెట్ నంబరు ఒకటే. మొదటి వరస మాత్రం వేరు.

సాయిదుర్గ వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టి మళ్ళీ చూసింది. ఎడమవైపుది నాలుగు రోజుల క్రితం తను దగ్గరుండి తీయించుకున్న ఇంజనీరింగ్ సీట్ల ఆప్షన్ల కాగితం. అందులో మొదటి ఆప్షన్ కాకినాడ గవర్నమెంటు కాలేజీ, మెకానికల్. కుడివైపుది ఇప్పుడే ప్రింటర్లోంచి వచ్చింది, ఇంకా వెచ్చగా ఉంది. అందులో మొదటిది ఎక్కడో హైవే పక్కన ఉన్న ఓ ప్రైవేటు కాలేజీ, కంప్యూటర్ సైన్స్. రెండోదీ కంప్యూటర్లే. మూడోదీ అంతే. వేలు పెట్టి కిందికి లెక్కపెట్టుకుంటూ వెళ్తే పన్నెండో వరసలో దొరికింది కాకినాడ మెకానికల్.

"శ్యామ్ బాబుగారూ, ఇది నేను పెట్టింది కాదండి."

అమలాపురం బస్టాండు వెనక సందులో ఆ ఇంటర్నెట్ సెంటరు శ్యామ్ బాబుది. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"నా కంప్యూటర్లో సేవ్ చేసుకున్న ఫైలమ్మా అది. అందులో ఉన్నదే వస్తుంది."

"ఎప్పుడు సేవ్ చేసేరు?"

"అడుగున టైముంటుంది చూడు."

అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. నిన్న, ఉదయం పదకొండు నలభై రెండు.

నిన్న ఆ వేళకి సాయిదుర్గ ఓడలరేవులో ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది.

గోడ గడియారం మూడూ ముప్పై అయిదు చూపిస్తోంది. ఆప్షన్లు మార్చుకోవడానికి ఈ రోజే ఆఖరు, అందుకే ఒకసారి సరిచూసుకుందామని వచ్చింది. సాయంత్రం ఆరు గంటలకి సైటు మూసేస్తారు. ఆ తర్వాత పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చే కంప్యూటరు, ర్యాంకుకి మొదట ఏ సీటు తగిలితే అది ఇచ్చేసి ఆగిపోతుంది. సాయిదుర్గ ర్యాంకుకి ఆ ప్రైవేటు కాలేజీలో సీటు ఖాయంగా వస్తుంది. అంటే పన్నెండో వరస దాకా ఎవరూ చూడరు. పోయినేడాది కాకినాడ మెకానికల్ సీట్లు మొదటి విడతలోనే అయిపోయాయి.

"మార్చేద్దామండి. ఇప్పుడే."

"ఎలాగమ్మా? లాగిన్ అవ్వాలంటే ఓటీపీ కావాలి. ఇందాక నువ్వు వచ్చిన వెంటనే రెండుసార్లు నొక్కేను కదా. వచ్చిందేటి?"

రాదు. అప్లికేషన్లో ఇచ్చిన నంబరు ఆమెది కాదు, బోటు ఫోనుది. ఆఫర్ల కోసం సాయిదుర్గ సిమ్ములు మూడుసార్లు మార్చింది. వాళ్ళమ్మ వీరాయమ్మకి ఫోనే లేదు. ఇంట్లో పదేళ్ళుగా మారని నంబరు ఒక్కటే, నాన్నది. చేపలు కొనేవాళ్ళందరి దగ్గరా ఉండే ఆ నంబరే భద్రమని అప్లికేషన్లో రాయించారు.

ఆ ఫోను ఇప్పుడు మూత బిగించిన ప్లాస్టిక్ పచ్చడి డబ్బాలో, స్విచ్చాఫ్ చేసి, సముద్రం మీద ఉంది. ఉప్పునీరు తగలకుండా బోటువాళ్ళంతా అలాగే దాస్తారు. వేట ముగించుకుని మొగ దాటి లోపలికి వచ్చాకే డబ్బా తెరుస్తారు. గోదావరి పాయ సముద్రంలో కలిసేచోటుని అక్కడ మొగ అంటారు.

"ఇంకోసారి నొక్కండి."

శ్యామ్ బాబు ఈసారి తల తిప్పాడు. "మూడుసార్లే ఛాన్సు. రెండయిపోయేయి. మూడోది కూడా వృథా అయితే రేపటిదాకా తాళం పడిపోద్ది. ఫోను ఆన్‌లో ఉందని తెలిసేక నొక్కాలి. అంతవరకూ ముట్టుకోను."

సాయిదుర్గ రెండు కాగితాలూ మడిచి బ్యాగులో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"నిన్న మార్చినప్పుడు కూడా ఓటీపీ కావాలి కదండీ. ఎవరు చెప్పేరు?"

శ్యామ్ బాబు కీబోర్డు మీద దుమ్ము ఊదాడు.

"ఫోను ఎవరి దగ్గరుంటే వాళ్ళేనమ్మా," అన్నాడు.

*

అల్లవరం మీదుగా వెళ్ళే షేరాటోలో డ్రైవరు పక్కన చోటు దొరికింది. ఆటో కదిలింది గానీ ఆమె బుర్ర ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది.

నిన్న బోటు వేటకి వెళ్ళలేదు. డీజిల్ ఫిల్టరు పాడైందనీ అమలాపురంలో కొత్తది కొనాలనీ నాన్న పొద్దున్నే బయల్దేరాడు. మధ్యాహ్నం వట్టి చేతుల్తో తిరిగొచ్చాడు. "షాపు మూసేసుందే," అన్నాడు. అన్నం తింటున్నంతసేపూ తలెత్తలేదు. ఈ రోజు తెల్లవారకముందే ఆ పాత ఫిల్టరుతోనే వేటకి వెళ్ళాడు.

ఫిల్టరు పాడైతే బోటు ఎలా వెళ్ళింది? ఈ ప్రశ్న పొద్దున్నే తట్టాల్సింది.

నాన్నే. నాగబాబే. మస్కట్ నుంచి ఫోన్ చేసి "ఆడపిల్లకి మెకానికలేంటి బావా, చేతులు ముట్టుకుంటే మసి" అన్న విజయకుమార్ మావయ్య కాదు. ఆ రోజు ఫోను పెట్టేశాక "దాని చదువు, దానిష్టం" అన్న మనిషే మార్చాడు.

ఇప్పుడు ఓటీపీ చెప్పాల్సిందీ ఆ మనిషే.

ఆమెకి నాన్న ఎడమచెయ్యి గుర్తొచ్చింది. ఆరేళ్ళ క్రితం ఇంజను తిరుగుతుండగా నీళ్ళ పంపు బెల్టు దగ్గర చెయ్యి జారింది. చిటికెన వేలు, దాని పక్క వేలు పోయాయి. రేవులో బోటు ఆగి ఉన్నప్పుడు జరిగింది కాబట్టి బతికాడు. అప్పుడు సాయిదుర్గకి పన్నెండేళ్ళు. బోటులోనే ఉంది. తన ఓణీ చింపి కట్టు కట్టింది.

పోయిన దసరా సెలవుల్లో ఖాళీ నూనెడబ్బా రేకు కత్తిరించి, వంచి, ఆ బెల్టుకి మూత చేసింది. నాలుగు బోల్టులు వెయ్యాలి. ఇంజను అంచు వంకరగా ఉండటంతో మూడే పట్టాయి. నాలుగో మూల వదులుగా ఉండి, ఇంజను తిరిగినంతసేపూ టక్ టక్‌మని కొట్టుకునేది. వారం తిరక్కుండా నాగబాబు ఊడదీశాడు. "చెవులు తూట్లు పడుతున్నాయే!" రేకు కొన్నాళ్ళు నీళ్ళ డ్రమ్ము పక్కన పడి ఉంది. తర్వాత కనబడలేదు. తుక్కులో వేసేశానన్నాడు.

"ఇంకొంచెం తొందరగా పోనిస్తారా అండీ," అంది డ్రైవరుతో.

"రోడ్డు చూసేరు కదండి. ఇంతకంటే తొందరగా వెళ్తే ఆటో ఒక్కటే వెళ్తుందండి, మనం వెళ్ళం."

వెనక ఎవరో నవ్వారు. నాలుగూ ఇరవై అయింది.

*

రేవులో ఐసు షెడ్డు బంగారయ్యది. డెబ్బై దాటిన మనిషి. పాతికేళ్ళు బోటు నడిపి, మోకాళ్ళు సహకరించక ఒడ్డున స్థిరపడ్డాడు. షెడ్డులో బల్ల మీద ఆయన వైర్‌లెస్ సెట్టు ఉంటుంది. పోటు ఎప్పుడు ఎక్కుతోంది, మొగలో ఇసుక దిబ్బ ఏ పక్కకి జరిగింది, ఎవరు ముందు రావాలి, అన్నీ ఆయన దాంట్లోంచే బోట్లకి చెబుతాడు. పోటు మీద ఉన్నప్పుడే మొగలో బోటుకి సరిపడా నీళ్ళుంటాయి. పోటు తీసేస్తే ఎవరైనా సరే బయట ఆగిపోవాల్సిందే.

సాయిదుర్గ షెడ్డులోకి పరిగెత్తుకొచ్చేసరికి అయిదూ పది. దారిలో ఆటో టైరు పంచరై నలభై నిమిషాలు తినేసింది.

"తాతా, నాన్న బోటు వచ్చేసిందా?"

"లేదమ్మా. గంగబాబు బోటు వెనకాల వస్తోంది. ఏం, ఏటలా రొప్పుతున్నావు? కూర్చో."

ఆమె కూర్చోలేదు. నాలుగు ముక్కల్లో చెప్పింది. బంగారయ్యకి ఆప్షన్లు అర్థం కాలేదు. ఆరు గంటలన్నది మాత్రం అర్థమైంది.

"అయితే ఇంకేం, లోపలికొచ్చేక ఫోను తెరుస్తాడు."

"ఎంతసేపట్లో వస్తాడు?"

బంగారయ్య బయటికి వచ్చి నీళ్ళ కేసి చూశాడు. "మొగ ఎక్కి, ఆ వంపు తిరిగి, ఇక్కడ తాడు వేసేసరికి ఆరుంపావు అవుద్ది. మధ్యలో ఫోను ముట్టడానికి లేదు. మొన్ననే ఒకడి బోటు దిబ్బ మీదకెక్కి పక్కకి ఒరిగిపోయింది. మొగలో ఉన్నంతసేపూ కన్ను తిప్పకూడదు."

"బయట ఆగితే? అక్కడ సిగ్నలుందా?"

"ఉంటే ఒక గీత. కానీ ఆగితే పోటు పోద్దమ్మా. మళ్ళీ తెల్లవారుజామునే లోపలికి రావడం."

ఆమె ఫోన్లో శ్యామ్ బాబుని పిలిచింది. "కూర్చునే ఉన్నానమ్మా," అన్నాడాయన. "ఇక్కడ కరెంటు ఒకసారి పోయొచ్చింది. తొందరగా కానీ."

బంగారయ్య సెట్టు బటన్ నొక్కాడు.

"నాగబాబూ, నాగబాబూ. బంగారయ్యని. ఎక్కడున్నావు?"

గరగరమంది. మళ్ళీ పిలిచాడు. మూడోసారి. నాలుగోసారి. సాయిదుర్గ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. అయిదూ ఇరవై ఆరుకి జవాబొచ్చింది.

"మొగ బయట, బాబాయ్. వల సర్దుతున్నాం. పావుగంటలో ఎక్కించేస్తాను."

"అప్పుడే ఎక్కించకు. నీ కూతురిక్కడుంది. మాట్లాడుద్దంట."

బటన్ ఆమె చేతికొచ్చింది. నొక్కితేనే మాట వెళ్తుంది, వదిలితేనే అవతలి మాట వినిపిస్తుంది.

"నాన్నా, డబ్బాలోంచి ఫోను తియ్యి. ఆన్ చెయ్యి."

ముందుగా వచ్చింది వేరే గొంతు. గంగబాబుది. ఆ సెట్టులో ఎవరు మాట్లాడినా చుట్టుపక్కల బోట్లన్నీ వింటాయి.

"ఏటమ్మా దుర్గా, ఇయ్యాళ రొయ్య రేటు నువ్వు చెప్తున్నావేటి?"

ఎవడో ఈల వేశాడు. తర్వాత నాన్న గొంతు. "ఫోనెందుకే?"

"ఓటీపీ వస్తుంది. అది చదవాలి."

గరగర.

"నాన్నా, నిన్నటి కాగితం చూశాను."

ఈలలు ఆగిపోయాయి.

"ఒడ్డుకొచ్చేక మాట్లాడుకుందాం," అన్నాడు నాగబాబు చివరికి.

"అప్పటికి ఆరు దాటిపోద్ది."

"దాటితే దాటనీ."

బంగారయ్య ఐసు దిమ్మ మీద ఊకపొట్టు సర్దుతున్నట్టు నటించాడు. సాయిదుర్గ చేతిలో బటన్ తడిసి జారుతోంది. చెయ్యి ఓణీకి తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది.

"ఫిల్టరు కొనడానికి వెళ్ళలేదు కదా."

"లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకుంటావా?"

"అడిగితే కదా తెలిసేది!"

"అడిగితే నువ్వు ఏడుస్తావు, నేను సరేనంటాను. నా సంగతి నాకు తెలీదేటి?" గొంతు పెద్దదైంది. "చూడమ్మా. హాయిగా ఫ్యాను కింద కూర్చుని చేసుకునే పనులున్నాయి. నా చెయ్యి చూసేవు కదే. ఆ రోజు గుడ్డ కట్టింది నువ్వే కదే. మళ్ళీ ఆ మిషన్ల దగ్గరికే పంపమంటే..."

మాట ఆగింది. కానీ ఆయన బటన్ మీంచి వేలు తియ్యలేదు. సెట్టులోంచి గాలి హోరు, దాని కింద ఇంజను చప్పుడు వస్తున్నాయి. డుగ్ డుగ్ డుగ్. ఆ డుగ్ డుగ్ మధ్యలో ఇంకోటి.

టక్. టక్. టక్.

సాయిదుర్గ సెట్టుకి చెవి ఆనించింది. అరనిమిషం అలాగే ఉంది. ఆయన బటన్ వదలగానే తను నొక్కింది.

"నాన్నా, రేకు మోగుతోంది."

ఆమె బటన్ వదిలి, మళ్ళీ నొక్కింది.

"తుక్కులో వేసేశానన్నావు."

"అన్నాను."

"ఎప్పట్నుంచి ఉంది?"

"శివరాత్రి ముందు నుంచీ." గొంతు తగ్గింది. "ఓ రోజు గాలికి లుంగీ అంచు ఎగిరి బెల్టు మీదకి పోయింది. పోయి రేకుకి కొట్టుకుని వెనక్కొచ్చింది. దానికి రెండ్రోజుల ముందే ఎందుకో మళ్ళీ బిగించేను. లేపోతే కాలు పోయేదే."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే మెకానికల్లే చదువుతానంటావని."

ఎవరో ఫక్కున నవ్వి మళ్ళీ ఆపేసుకున్నారు. బంగారయ్య తల వంచుకుని తనలో నవ్వుకున్నాడు. సాయిదుర్గకి నవ్వు రాలేదు. గడియారం అయిదూ నలభై రెండు.

గంగబాబు గొంతు అడ్డొచ్చింది. "నాగబాబన్నా, నేను మొగ దాటి వంపు తిరిగేను. నీళ్ళు లాగేస్తోంది. వస్తే ఇప్పుడే రా, నేనొచ్చిన దారే పట్టు. ఇంకో పది నిమిషాలాగితే తెల్లారేదాకా అక్కడే."

సాయిదుర్గ బటన్ నొక్కలేదు. చెప్పాల్సింది అయిపోయింది. ఇంకో మాట అడిగితే అది ఏడుపే అవుతుంది. ఏడిస్తే నాన్న సరేనంటాడని ఇప్పుడే విన్నది. ఆ సరే ఆమెకి అక్కర్లేదు. పళ్ళు బిగించి సెట్టు కేసి చూస్తూ నిలబడింది.

గడియారం ముల్లు రెండు నిమిషాలు జరిగింది.

"గంగబాబూ," అన్నాడు నాగబాబు. "నువ్వు వెళ్ళిపో. నేను ఆగుతున్నాను."

*

"శ్యామ్ బాబుగారూ, ఫోను తీస్తున్నారు. నేను చెప్పేదాకా నొక్కకండి."

"ఇదే ఆఖరుదమ్మా, గుర్తుంచుకో."

సెట్టులో ఇప్పుడు బుల్లబ్బాయి మాట్లాడుతున్నాడు. నాగబాబు బోటులో ఇరవై ఏళ్ళుగా వల లాగుతున్న మనిషి. "మీ నాన్న క్యాబిన్ పైకెక్కేడు దుర్గమ్మా. ఫోను ఆకాశంలోకెత్తి పట్టుకున్నాడు. ఎవరైనా చూస్తే మొక్కుకుంటున్నాడనుకుంటారు."

"గీతలెన్ని?"

అవతల కేక, దానికి కేక. "ఒకటంట. వస్తోంది, పోతోంది. ఆఁ, మోగింది మోగింది! మెసేజొచ్చింది! ఆరు, తొమ్మిది..."

"ఆగు బాబాయ్! టైమెంతుంది?"

కేకలు. "మూడూ ఇరవై."

"అది ఇందాకటిది. చదవొద్దు."

"ఇంకోటొచ్చింది. మూడూ ఇరవై నాలుగంట."

"అదీ పాతదే." సాయిదుర్గ రెండో చేతిలో ఫోను చెవి దగ్గరికి తెచ్చుకుంది. పాతవి రెండూ వచ్చేశాయంటే ఫోను అందుకుంటున్నట్టే. ఇంతకంటే రుజువు దొరకదు. "నొక్కండి శ్యామ్ బాబుగారూ."

"నొక్కేను."

అయిదూ యాభై.

సెట్టు గరగరలాడింది. ఏమీ రాలేదు. యాభై ఒకటి. బయట గంగబాబు బోటు వచ్చి తాడు వేసింది. అందులోవాళ్ళు చేపలు దించకుండా షెడ్డు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు. యాభై రెండు.

"గీత పోయిందంట," అన్నాడు బుల్లబ్బాయి.

"బోటు ఒడ్డు వైపు తిప్పమను," అన్నాడు గుమ్మంలోంచి గంగబాబు. "అక్కడ కాదు, ఇంకొంచెం తూర్పుకి. నాకక్కడే వస్తుంది."

సాయిదుర్గ చెప్పింది. ఇంజను గొంతు మారింది. టక్ టక్ వేగం పెరిగింది. యాభై మూడు.

"వచ్చింది! టైము అయిదూ యాభై. చదవనా?"

"చదువు!"

"నాలుగు. సున్నా. ఎనిమిది. ఎనిమిది. రెండు. అయిదు."

ఒక్కో అంకె ఆమె తన ఫోన్లో తిరిగి చెప్పింది. అవతల కీబోర్డు టపటపలాడింది.

"లోపలికెళ్ళేనమ్మా. పన్నెండోది పైకి తెస్తున్నాను... తెచ్చేను. సేవ్ నొక్కేను. తిరుగుతోంది."

"ఏంటి తిరుగుతోంది?"

"చక్రం. అందరూ ఇప్పుడే మీద పడ్డారు మరి." యాభై అయిదు. "తిరుగుతోంది." యాభై ఆరు. "కదలకమ్మా, మాట్లాడకు," అన్నాడు శ్యామ్ బాబు. ఆమె మాట్లాడితే చక్రం ఆగిపోతుందన్నట్టు.

"సేవ్ అయింది."

"చదవండి. ఒకటో నంబర్లో ఏముందో చదవండి."

"కాకినాడ. మెకానికల్. టైము అయిదూ యాభై ఏడు. ప్రింటు తీసి ఉంచుతాను. రేపొచ్చి పట్టుకెళ్ళు." ఒక్క క్షణం ఆగి అన్నాడు: "నిన్న మీ నాన్నగారు ఇక్కడ చాలాసేపు కూర్చున్నారమ్మా. రెండుసార్లు లేచి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చేరు."

సాయిదుర్గ ఐసు పెట్టె మీద కూలబడింది.

సెట్టులో నాన్న. "అయిందా?"

"అయింది నాన్నా."

"ఊఁ."

గంగబాబు ఆమె చేతిలోంచి బటన్ లాక్కున్నాడు. "అన్నా, ఇంజనీరమ్మగారికి చెప్పు, ఈ మొగ లోతు చేసే చదువేదైనా ఉంటే అది కూడా రాసెయ్యమని! మనం బతికిపోతాం."

"ముందు మా ఆవిడకి చెప్పండి, రాత్రికి నాకు వండొద్దని," అన్నాడు బుల్లబ్బాయి. "ఈయనగారి కూతురి చదువుకి నేను సముద్రంలో పస్తు."

నవ్వుకుంటూ అంతా చేపలు దించడానికి వెళ్ళారు. బంగారయ్య మొగ కేసి చూసి తల అడ్డంగా ఊపాడు. అక్కడ ఇసుక దిబ్బ వీపు అప్పటికే తేలింది. దాని అవతల, దూరంగా, బోటు ఒకటి పక్కకి తిరిగి నిలబడి ఉంది. దక్షిణాన మబ్బు పట్టింది.

"గాలి లేస్తుందా తాతా?"

"లేవొచ్చు. లేవకపోవచ్చు. లంగరు గట్టిదే వేసుకుంటాడులే."

సీటు వచ్చేదీ లేనిదీ తెలియడానికి ఇంకా అయిదు రోజులు. బోటు రావడానికి ఇంకా పదకొండు గంటలు. సాయిదుర్గ సెట్టు దగ్గరికి జరిగి కూర్చుంది. అటువైపు ఎవరో లంగరు గురించి మాట్లాడుతున్నారు. ఆ మాటల వెనక ఇంజను. ఆమె మొహం మారింది. ఇందాక ఒక్కటే టక్ ఉండేది. ఇప్పుడు దాని వెంటే ఇంకోటి, చిన్నది, వినబడుతోంది.

బటన్ నొక్కింది. "నాన్నా, ఇంకో బోల్టు వదులవుతోంది. పంపు వైపుది. బిగించు."

"పొద్దున చూద్దాంలే."

"ఇప్పుడే. లంగరు వేశాక, ఇంజను ఆపి. ఇంజను పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టు."

గరగర. ఆమె మళ్ళీ నొక్కబోతుండగా జవాబొచ్చింది.

"ఆయ్," అన్నాడు నాగబాబు.

కాసేపటికి ఇంజను ఆగిపోయింది. అటు బుల్లబ్బాయి బటన్ నొక్కే ఉంచాడు, సెట్టులో గాలి హోరు తప్ప ఏమీ లేదు. సాయిదుర్గ బటన్ మీద వేలు పెట్టి, నొక్కకుండా, గడియారం కేసి చూస్తూ కూర్చుంది. రెండు నిమిషాలు. నాలుగు. బంగారయ్య ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

ఏడో నిమిషంలో ఇంజను అందుకుంది. ఆమె చెవి ఆనించింది.

టక్. టక్. టక్. ఒక్కటే.